ఎయిర్ బెడ్ సమీక్ష: మంచం దిగలేని డిమెన్షియా పెద్దవాళ్ళకు మన ఎండల్లో ఏది పనికొస్తుంది

కర్నూలు పెద్దాసుపత్రి చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో "మంచం పట్టిన మనిషికి ఏమన్నా ఇవ్వండి" అని అడిగితే మొదట దించేది ఎయిర్ బెడ్, అంటే పంపుతో గాలి నిండే పరుపు. అనంతపురంలోనూ కడపలోనూ అంతే. "ఇది వేస్తే పుండ్లు రావు" అని ఒక మాట చెప్పి బిల్లు రాస్తారు. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం మంచం పక్కన నిలబడే మనిషి చేతుల్లో ఉంటుంది.

కాలు విరిగి పడుకున్నాయనకైతే పరుపు ఎలా ఉందో ఆయనే చెప్తాడు. వేడిగా ఉందంటాడు, మోతకు నిద్ర పట్టలేదంటాడు. డిమెన్షియా (జ్ఞాపకం, తెలివి తగ్గిపోయే జబ్బు) చివరి దశలో ఉన్న అవ్వ అలా చెప్పలేని స్థితిలో ఉంటుంది. పళ్ళు బిగిస్తుంది, దుప్పటి పీకుతుంది, రాత్రంతా మూలుగుతుంది. చూసేవాళ్ళు "ఈ అవ్వ రాత్రిళ్ళు ఎప్పుడూ ఇంతే" అనుకుని ఊరుకుంటారు. అందుకే ఈ పరుపును పుండు వచ్చిందా రాలేదా అన్న ఒక్క లెక్కతో తూచలేదు. దాని మీద పడుకున్న మనిషి నిద్ర, భయం, చెమట, మంచం దిగి కుర్చీలో గడిపే సమయం, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాం. వృద్ధుల కేంద్రాలు నడిపేవాళ్ళకు, అమ్మనో నాన్ననో అక్కడ చేర్పించినవాళ్ళకు ఇది ఉద్దేశించింది.

తీర్పు ముందే చెప్పేస్తాం. బుడగల రకం ఎయిర్ బెడ్‌కు 5కు 2. గొట్టాల రకానికి 5కు మూడున్నర. మంచి హై డెన్సిటీ ఫోమ్ పరుపుకు, సరైన తొడుగు ఉంటే, 5కు 4. షాపులో అడిగితే ఈ మూడోదాని పేరు చాలామంది ఎత్తరు.

ఎవరికి అవసరం అన్నది మొదట తేలాలి. డిమెన్షియా ఎంత ముదిరిందో చూసే ఫాస్ట్ అనే కొలబద్ద ఉంది. అందులో ఆఖరిది 7వ మెట్టు. మొదట మాటలు అర డజనుకు తగ్గుతాయి, తర్వాత ఒక్క మాట మిగులుతుంది. ఆ తర్వాత నడక పోతుంది, ఆసరా లేకుండా కూర్చోవడం పోతుంది, నవ్వు పోతుంది, చివరికి తల నిలపడం పోతుంది. నడక పోయి, తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేని స్థితి వచ్చినప్పుడే ఈ పరుపుతో పని. ఇంకా లేచి తిరిగే మనిషికి కొనకండి. మంచం అంచున కూర్చుంటే గాలి పరుపు అంచు కిందికి కుంగుతుంది, మనిషి జారి నేల మీద పడతాడు. పైగా దాని మీద కాలు ఆనదు, లేవడానికి పట్టు దొరకదు. నాలుగు అడుగులు వేయగలిగే మనిషి కూడా దీనివల్లే ముందుగా మంచానికి అతుక్కుపోతాడు.

ఇక రకాలు. బుడగల రకం అంటే పలుచటి పీవీసీ ప్లాస్టిక్ షీటు మీద దగ్గర దగ్గరగా వంద పైచిలుకు బుడగలు, సాధారణంగా 130. ఒక చిన్న పంపు, రెండు గొట్టాలు. బుడగలు రెండు జట్లుగా ఉంటాయి. ఒక జట్టు ఉబ్బినప్పుడు రెండోది తగ్గుతుంది, పది పన్నెండు నిమిషాలకు వంతు మారుతుంది. ఒంట్లో ఏ ఒక్క చోటా ఒత్తిడి ఆగకుండా నిలబడకూడదన్నది దాని వెనకున్న ఆలోచన. ధర రెండు మూడు వేలు. గొట్టాల రకంలో మంచానికి అడ్డంగా 17 నుంచి 20 దాకా లావుపాటి గొట్టాలు, నాలుగైదు అంగుళాల ఎత్తు, పైన జిప్పున్న తొడుగు ఉంటాయి. ఒక గొట్టం పాడైతే అదొక్కటే విప్పి మార్చుకోవచ్చు. ధర ఐదారు వేలతో మొదలై పదిహేను వేలు దాటుతుంది. పంపు మీద "స్టాటిక్" అనే మీట ఉన్నదే తీసుకోండి. అది నొక్కితే అన్ని గొట్టాలూ ఒకే బిగువుతో నిలబడతాయి. స్నానం చేయించేటప్పుడు, బట్ట మార్చేటప్పుడు, తినిపించేటప్పుడు కింద పరుపు కదులుతుంటే అవ్వ భయపడి చేతికి దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ మీట ఉంటే ఆ భయం తప్పుతుంది.

బుడగల రకం నలభై, నలభై ఐదు కిలోల బక్కమనిషికి, పుండు ఇంకా రానివాళ్ళకు, ఒకటి రెండు నెలల అవసరానికి సరిపోతుంది. బరువు అరవై దాటితే పిరుదుల కింద బుడగలు పూర్తిగా అణిగిపోతాయి. పంపు పనిచేస్తూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, మనిషి మాత్రం మంచం చెక్క మీద పడుకున్నట్టే. చూసేవాళ్ళకు తెలియదు.

తెలుసుకోవడానికి ఒక చేతి పరీక్ష ఉంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల వైపు మంచం ఎప్పుడూ ఎంత ఎత్తులో ఉంచుతారో అంతే ఎత్తులో ఉంచండి. అరచెయ్యి పైకి పెట్టి గాలి పరుపుకూ కింది పరుపుకూ మధ్య, సరిగ్గా నడుం కింద తోక ఎముక ఉండే చోటికి దూర్చండి. గాలి నిండిన మందం మీ చేతికీ ఆ ఎముకకూ మధ్య కనీసం అంగుళం తగలాలి. ఎముక చేతికి తగిలితే పంపు మీద మనిషి బరువును బట్టి తిప్పే మీట ఒక గీత పెంచి, అరగంట ఆగి మళ్ళీ చూడండి. అప్పటికీ తగిలితే ఆ పరుపు ఆ మనిషికి పనికిరాదు. అలాగని మీట చివరిదాకా తిప్పేస్తే పరుపు రాయిలా బిగుస్తుంది. మెత్తదనం పోతే పరుపు కొన్న ఫలితం పోతుంది. మనిషి బరువుకు తగ్గ గీత దగ్గర మొదలుపెట్టి చేత్తో చూసి సరిచేసుకోవడమే పద్ధతి. తల వైపు ఎత్తినప్పుడు బరువంతా పిరుదుల మీదికి వస్తుంది కాబట్టి ఆ భంగిమలోనూ ఒకసారి చూడాలి.

వేయడం కూడా సరిగా తెలియాలి. కింద మూడు నాలుగు అంగుళాల మామూలు పరుపు తప్పనిసరి. వట్టి చెక్క మీదా నవారు మీదా వేయకూడదు. బుడగలు పైకి, పంపు గొట్టాలు కాళ్ళ వైపుకు రావాలి. రెండు చివర్లా ఉండే పొడుగాటి అంచును కింది పరుపు కిందికి మడవండి, లేకపోతే రాత్రికి రాత్రే జారుతుంది. పంపును కాళ్ళ వైపు ఫ్రేముకు కొక్కేలతో తగిలించండి. నేల మీద పెడితే తుడిచేటప్పుడు తడుస్తుంది, గోడకు ఆనిస్తే మోత పెరుగుతుంది. పంపు గొట్టాలు మంచం మడతలో నలగకుండా చూడండి, తల ఎత్తే మంచాల్లో ఎక్కువగా అక్కడే నలుగుతాయి. మొదటిసారి పూర్తిగా ఉబ్బడానికి అరగంట, ముప్పావు గంట పడుతుంది. ఉబ్బకముందే మనిషిని పడుకోబెట్టకండి.

పైన పలుచటి నూలు దుప్పటి ఒక్కటే వేయాలి, అదీ వదులుగా. గట్టిగా లాగి నాలుగు మూలలా బిగిస్తే ఉయ్యాల గుడ్డలా మనిషిని పైనే ఆపేస్తుంది, కింద గాలి ఏం చేసినా ఒంటికి అందదు. మన వైపు అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. "ప్లాస్టిక్ చల్లగా ఒరుసుకుంటుంది పాపం" అని గాలి పరుపు మీద బొంత పరుస్తారు, దాని మీద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, మళ్ళీ డైపరు. ఇన్ని పొరల మీద పడుకుంటే ఎయిర్ బెడ్ ఉన్నా లేనట్టే. డైపరు లేదా ఒక్క అండర్‌ప్యాడ్, రెండిట్లో ఒకటి చాలు. రబ్బరు షీటు ఒంటికి తగిలే చోట ఉండనే కూడదు.

మన ప్రాంతంలో ఈ పరుపుకు పెద్ద శత్రువు ఎండ. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో 43, 44 డిగ్రీలు మామూలు. అనంతపురం, కడపల్లో కూడా పెద్ద తేడా ఉండదు. పీవీసీ చెమటను పీల్చదు, గాలి ఆడనివ్వదు. తడిసి నానిన చర్మం పొడి చర్మం కన్నా చాలా తొందరగా చిట్లుతుంది. పుండు రాకుండా కొన్న పరుపే ఎండాకాలంలో పుండుకు దారి తీస్తుంది. గొట్టాల రకానికి మార్కులు ఎక్కువ పడింది ఇందుకే. దాని పై తొడుగు పీయూ (పాలీయూరిథేన్) పూత ఉన్న బట్టది అయితే ఆవిరి బయటికి పోతుంది, నీళ్ళు లోపలికి దిగవు. కొనేముందు తొడుగు చేత్తో పట్టి చూడండి. కరకరలాడే ప్లాస్టిక్ అయితే వద్దు, బట్టలా మెత్తగా సాగితే తీసుకోండి. వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు అవ్వను పక్కకు తిప్పిన ప్రతిసారీ వీపు తడి తుడిచి, రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు పడుకోబెట్టండి. పౌడరు చల్లకండి. చెమటతో కలిసి ముద్దకట్టి మడతల్లో ఒరుసుకుంటుంది. తడి తగిలే చోట పెట్రోలియం జెల్లీనో జింక్ ఆక్సైడ్ క్రీమో పలుచగా రాస్తే సరిపోతుంది. మందంగా పూస్తే డైపరు పీల్చుకోవడం మానేస్తుంది.

కరెంటు సంగతి. పంపు తీసుకునేది ఎనిమిది, పది వాట్లే. రోజంతా నడిచినా నెలకు ఏడెనిమిది యూనిట్లు దాటదు, కాబట్టి బిల్లు చూసి రాత్రిళ్ళు ఆపకండి. కరెంటు పోయినప్పుడు మాత్రం బుడగల రకంలో గాలి పంపులోంచే వెనక్కి పోయి పరుపు మెల్లగా చదునవుతుంది. పంపు దగ్గర గొట్టాలు రెండూ ఊడదీసి, చివరలు మడిచి రబ్బరు బ్యాండు గట్టిగా చుట్టండి. వంతులు మారవు కానీ గాలి నిలుస్తుంది. ఆ రబ్బరు బ్యాండ్లు మంచానికే కట్టి ఉంచాలి. చీకట్లో వెతుక్కునే పని కాదది. ఇన్వర్టర్ ఉంటే పంపు ప్లగ్గు దానికే కలపండి.

మోత గురించి ఏ పెట్టె మీదా రాయరు. పంపులో పలుచటి రబ్బరు పొర అదిరే చప్పుడు అది, సన్నటి గుయ్ మనే ధ్వని. పగలు వినపడదు, రాత్రి రెండు గంటలకు గది నిండా అదే. తెలివి సరిగా ఉన్నవాళ్ళు రెండు రోజుల్లో అలవాటు పడతారు. డిమెన్షియా ముదిరినవాళ్ళకు అదేమిటో తెలియదు, పైగా కింద ఏదో మెల్లగా లేచి పడుతూ ఉంటుంది. కొందరికి అది పురుగు పాకినట్టుంటుందో, మంచం కదులుతున్నట్టుంటుందో, కాళ్ళు ముడుచుకుని రెయిలింగ్ పట్టుకుని ఉండిపోతారు. పంపు కొక్కేల కింద మడిచిన గుడ్డ పెడితే మోత తగ్గుతుంది. కొత్త పరుపు మీద మొదటి రాత్రే పడుకోబెట్టకుండా, మొదటి రెండు రోజులు పగలు గంటసేపు, పక్కన తెలిసిన మనిషి కూర్చుని ఉండగా అలవాటు చేయండి.

పరుపు ఆ మనిషికి పడిందా లేదా అన్నది చూడటానికి పెయినాడ్ అనే చిన్న పట్టిక చాలు. మాట పోయినవాళ్ళ నొప్పిని కొలవడానికి 2003లో తయారైంది. ఐదు సంగతులు గమనించాలి: ఊపిరి తీరు, మూలుగు, ముఖం, ఒంటి బిగువు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా. ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు, మొత్తం 10. పరుపు మార్చే ముందు మూడు రోజులు, మార్చాక మూడు రోజులు రాసుకోండి. పడుకున్నప్పుడు ఒకసారి, పక్కకు తిప్పేటప్పుడు ఒకసారి వేర్వేరుగా రాయాలి. పడుకున్నప్పటి అంకె పెరిగితే పరుపు నచ్చలేదని అర్థం. తిప్పేటప్పటి అంకె మాత్రమే ఎక్కువగా ఉంటే తప్పు పరుపుది కాకపోవచ్చు. బిగుసుకున్న మోకాళ్ళో, లోపల ఎక్కడో ఎముక పగులో, మలబద్ధకమో కారణం కావచ్చు. డాక్టరుకు ఆ కాగితం చూపిస్తే, తిప్పడానికి అరగంట ముందు ఇచ్చేలా నొప్పి మాత్ర రాస్తారు. చాలా చోట్ల ఆ ఒక్క మార్పుతోనే అవ్వ "మొండితనం" పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఎయిర్ బెడ్ ఉన్నా మనిషిని పక్కకు తిప్పడం మానకూడదు. పరుపు చేసే అతి పెద్ద చెడు ఏమిటంటే, "పంపు తిరుగుతోంది కదా" అని చూసేవాళ్ళు నిశ్చింతగా ఉండిపోవడం. పంపు తోక ఎముక మీద ఒత్తిడిని అటూ ఇటూ మారుస్తుంది గానీ మడమల మీద దాని ప్రభావం చాలా తక్కువ. డైపరు మార్చదు. నోరు తడపదు. చెయ్యి పట్టుకోదు.

ఎన్ని గంటలకు ఒకసారి తిప్పాలి? రెండు గంటలు అని అందరూ చెప్తారు. పగటికి అది మంచి లెక్కే. రాత్రి కూడా అలాగే లేపితే ఆ మనిషికి నిద్రే ఉండదు, నిద్ర లేని మర్నాడు తిండి తినదు, ఊరికే అరుస్తుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనం అమెరికా, కెనడాల్లోని 27 నర్సింగ్ హోముల్లో 942 మందిని చూసింది. అందరూ మంచి హై డెన్సిటీ ఫోమ్ మీద పడుకున్నవాళ్ళు, మొదట్లో పుండు లేనివాళ్ళు. కొందరిని 2 గంటలకు, కొందరిని 3కు, కొందరిని 4కు ఒకసారి తిప్పారు. మూడు వారాల్లో మూడు జట్ల మధ్యా పుండ్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది అక్కడి పరుపుల మీద, రోజూ ఒంటిని పరీక్షించే సిబ్బందితో వచ్చిన ఫలితం. కొబ్బరిపీచు పరుపు మీద నాలుగు గంటలు వదిలేయడానికి దాన్ని సాకు చేయకూడదు. అయితే పుండు లేని మనిషికి, మంచి పరుపు ఉంటే, రాత్రి 10కి, 2కి, 6కి తిప్పే పద్ధతి ఆలోచించదగ్గది. పొద్దున తుంటి, తోక ఎముక, మడమలు చూసి చర్మం మారలేదని తేలితేనే కొనసాగించాలి. ఏమాత్రం మచ్చ కనిపించినా వెనక్కి రెండు గంటలకు రావాలి.

ఆ మచ్చను మన చర్మం మీద పోల్చుకోవడం కష్టం. పుస్తకాల్లో "ఎర్రబడి, నొక్కితే తెల్లబడకపోవడం" అని ఉంటుంది. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు కనపడదు. చుట్టుపక్కల కన్నా ముదురుగా, నీలం కలిసిన నలుపుగా కనిపిస్తుంది. చేతి వెనకభాగం ఆనిస్తే వేడిగానో చల్లగానో తేడా తెలుస్తుంది, వేలితో తడిమితే గట్టిగానో పిండిలా మెత్తగానో ఉంటుంది. ట్యూబులైటు కింద కాక కిటికీ వెలుతురులో చూడండి. అక్కడ నూనె రాసి రుద్దడం పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, కానీ కింద అప్పటికే నలిగిన కండరం మరింత చిట్లుతుంది. చేతులకూ పాదాలకూ నూనె పట్టించండి, హాయిగా ఉంటుంది. ఎముక మీది మచ్చను మాత్రం రుద్దకండి.

తిప్పడమంటే పూర్తిగా పక్కకు దొర్లించడం కాదు. అలా చేస్తే బరువు తుంటి ఎముక మీద పడుతుంది. 30 డిగ్రీలు వాలితే చాలు: వీపు వెనక ఒక దిండు పొడుగ్గా, మోకాళ్ళ మధ్య ఒకటి. పిక్కల కింద మరో దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచాలి. మడమకూ పరుపుకూ మధ్య చెయ్యి అడ్డం లేకుండా దూరాలి. మడమల కింద నీళ్ళు నింపిన గ్లౌజులు పెట్టడం, పిరుదుల కింద మధ్యలో చిల్లున్న రబ్బరు ట్యూబు పెట్టడం ఇప్పటికీ చూస్తుంటాం. రెండూ మానేయాలి. ఆ ట్యూబు అంచు చుట్టూ నెత్తురు ఆడకుండా చేసి మధ్యలోని చర్మాన్నే దెబ్బతీస్తుంది. పైకి జరిపేటప్పుడు చంకల కింద పట్టి లాగకండి. నడుము కింద అడ్డంగా పరిచిన దుప్పటిని ఇద్దరు రెండు వైపులా పట్టి ఎత్తి జరపాలి.

తల వైపు మంచాన్ని తినిపించేటప్పుడు తప్ప 30 డిగ్రీలకు మించి ఎత్తకండి. గాలి పరుపు మీద మనిషి మామూలు కన్నా తొందరగా కిందికి జారుతుంది, జారేటప్పుడు తోలు ఒకచోట ఆగి లోపలి ఎముక కదిలి కండ చీలుతుంది. ముందు మోకాళ్ళ వైపు ఎత్తి తర్వాత తల ఎత్తితే జారడం తగ్గుతుంది. రాగి జావైనా పప్పన్నమైనా వీలైతే కుర్చీలో కూర్చోబెట్టే తినిపించండి, తిన్నాక అరగంట అలాగే ఉంచండి. తిండి తగ్గిందని, పుండు మానుతుందని ముక్కులోంచి గొట్టం వేయించాలని కొందరు ఒత్తిడి చేస్తారు. డిమెన్షియా చివరి దశలో గొట్టంతో పుండ్లు మానవని, ఓపిగ్గా చేత్తో తినిపించడమే మేలని అమెరికా వృద్ధవైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. గొట్టం పీకకుండా చేతులు కట్టేయాల్సి వస్తుంది, కట్టేసిన మనిషి కదలక పుండ్లు పెరుగుతాయి.

ఫోమ్‌కు ఎక్కువ మార్కులు ఎందుకు ఇచ్చామంటే, బ్రిటన్‌లో 2029 మంది మీద జరిపి 2019లో ప్రచురించిన పరీక్షలో మేలురకం ఎయిర్ బెడ్‌కూ మేలురకం ఫోమ్‌కూ పుండ్లు ఆపడంలో తేడా బహు స్వల్పమని తేలింది. ఫోమ్‌కు పంపు లేదు, మోత లేదు, కరెంటు అక్కర్లేదు, అంచు కుంగదు, మనిషిని కూర్చోబెట్టి కుర్చీలోకి దించడం తేలిక. ఐదారు అంగుళాల మందం, కింద గట్టి పొర, పైన రెండంగుళాల మెత్తటి పొర, ఆవిరి పోయే తొడుగు ఉండాలి. చెయ్యి దూర్చే పరీక్ష ఫోమ్‌కు కుదరదు. పిడికిలి గుచ్చి బలంగా నొక్కినప్పుడు కింద చెక్క తగిలితే దాని కాలం తీరినట్టే. అప్పటికే పుండు లోతుగా ఉన్నవాళ్ళకు, ఏ పక్కకు తిప్పినా పుండు మీదే బరువు పడేవాళ్ళకు మాత్రం గొట్టాల ఎయిర్ బెడ్డే తీసుకోండి.

రెయిలింగ్ విషయం మరిచిపోకండి. మామూలు పరుపు మీద ఐదంగుళాల గాలి పరుపు వేస్తే మనిషి అంత ఎత్తుకు లేస్తాడు, రెయిలింగ్ అంతే పొట్టిదవుతుంది. పైగా మెత్తటి అంచుకూ రెయిలింగ్‌కూ మధ్య సందు తెరుచుకుంటుంది, తలో చెయ్యో ఇరుక్కుంటుంది. కింది పరుపును మూడంగుళాల పలుచటిదానికి మార్చి, మంచాన్ని వీలైనంత కిందికి దించి ఉంచాలి.

మరమ్మతులు పెద్ద కష్టం కాదు. గాలి దిగుతుంటే ముందు పంపును అనుమానించండి: గొట్టాలు తీసి రెండు రంధ్రాల దగ్గర వేలు పెడితే వంతుల వారీగా గాలి తగలాలి. ఒక వైపే వస్తే లోపలి రబ్బరు పొర పోయినట్టు. అది విడిగా దొరుకుతుంది. పంపు అడుగున చిన్న వడపోత గుడ్డ ఉంటుంది, నెలకోసారి దుమ్ము దులపాలి. మన దుమ్ముకు అది తొందరగా మూసుకుపోతుంది. పంపు బాగుంటే పరుపు ఉబ్బించి సబ్బు నురగ రాయండి, బుడగలు లేచిన చోట చిల్లు. తుడిచి, బాగా ఆరబెట్టి, పెట్టెలో వచ్చిన అతుకు వేసి రాత్రంతా బరువు పెట్టండి. అతుకుల దగ్గర చీలితే మాత్రం నిలవదు. చిల్లులకు ఎక్కువగా కారణం పిన్నీసులు, గాజులు, పెరిగిన కాలి గోళ్ళు.

శుభ్రం చేయడానికి సబ్బు నీళ్ళతో తుడిచాక, 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం లీటరు నీళ్ళలో 20 మిల్లీలీటర్లు కలిపి పూసి, పది నిమిషాలు ఆగి మంచినీళ్ళతో తుడవండి. మిద్దె మీద ఎండలో ఆరేస్తే పీవీసీ బిరుసెక్కి పగులుతుంది, నీడనే ఆరబెట్టాలి. అద్దెకు తెచ్చేటప్పుడు తొడుగు జిప్పు తీసి లోపలి వైపు చూడండి. మరకలుంటే, వాసన వస్తే తీసుకోకండి.

మీవాళ్ళు ఏదైనా కేంద్రంలో ఉంటే, "ఎయిర్ బెడ్ ఉంది సార్" అన్న మాటతో తృప్తి పడకండి. రాత్రి 10 నుంచి 6 వరకు ఎన్ని పడకలకు ఒక ఆయమ్మ ఉందో అడగండి. తిప్పిన సమయాలు రాసే కాగితం మంచం దగ్గరే ఉందా? అన్ని గడులూ ఒకే పెన్నుతో ఒకేసారి నింపినట్టున్నాయా? చెప్పకుండా సాయంత్రం నాలుగింటికి వెళ్ళి అమ్మ ఎక్కడుందో చూడండి. రోజుకు కనీసం రెండుసార్లు, ఒక్కోసారి గంట చొప్పున, వీపు వాలే కుర్చీలో వరండాలో కూర్చోబెడుతున్నారంటే ఆ కేంద్రం మంచిదే, పరుపు ఏ కంపెనీదైనా సరే. ఎయిర్ బెడ్ వచ్చిన రోజు నుంచి కుర్చీ మానేశారంటే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఆఖరి రోజుల లెక్క వేరు. తిండి నీళ్ళు పూర్తిగా తగ్గి, ఒళ్ళు చల్లబడుతున్నప్పుడు ఎంత జాగ్రత్తగా చూసినా తోక ఎముక దగ్గర ఒకటి రెండు రోజుల్లోనే నల్లటి మచ్చ లేవచ్చు. చర్మానికి కూడా నెత్తురు అందడం తగ్గిపోతుంది. అది ఆయమ్మ తప్పు కాదు, ఇంటివాళ్ళ తప్పు కాదు. ఆ దశలో గంటల లెక్కన తిప్పకండి. ముఖం ముడతలు పడినప్పుడు, మూలిగినప్పుడు కొద్దిగా వాల్చి దిండు సర్దండి. డాక్టరు రాసిన నొప్పి మందు ముందే ఇవ్వండి. పంపును స్టాటిక్‌లో పెట్టండి, తడి గుడ్డతో పెదవులు అద్దండి. ఎవరో ఒకరు పక్కన ఉన్నంతసేపు ఒక వైపు రెయిలింగ్ దించి, కుర్చీ మంచానికి ఆనించి వేయండి. కూతురైనా కొడుకైనా వంగకుండా చెయ్యి పట్టుకుని కూర్చోవడానికి ఆ ఎత్తు సరిపోతుంది.